నోటితో లాగిన దారం

దారపు కండె అయిపోయింది. సోమలింగం తన సాంచా మరమగ్గాన్ని ఆపి, దారాన్ని అటూ ఇటూ మోసే కర్ర నాడెను బయటికి తీసి, ఖాళీ కండె పెరికి నిండుది ఎక్కించాడు. మాస్కును గడ్డం కిందికి జరిపి, నాడె పక్కన దారం బయటికొచ్చే చిన్న కంటికి పెదవులు ఆనించి గట్టిగా పీల్చాడు. దారం కొస నాలుక మీదికి వచ్చింది. దాని వెంటే కింది దవడలోని పోటు చెవిదాకా పాకింది. కళ్ళు మూసుకుని కాసేపు నిలబడి, మళ్ళీ సాంచాను నడిపించాడు.

సూరత్ వచ్చినప్పటి నుంచీ బమ్రోలి కార్ఖానాలో అతను చేస్తున్నది ఇదే. నోటితో దారం లాగడం, మిగిలిన కొసను ముందుపళ్ళతో కొరికి ఊసేయడం. కొరికి కొరికి పైపంటి అంచున సన్నటి గాడి పడింది. దారం తనంత తానే వెళ్ళి అందులో కూర్చునేది. మొన్న సాయంత్రం ఉధనాలో పళ్ళ డాక్టరమ్మ రెండు దవడపళ్ళ గుంటలు పూడుస్తూ, పనిలో పనిగా ఆ గాడినీ సిమెంటుతో పూడ్చేసింది. పాపం, మేలే చేశాననుకుంది. ఇప్పుడు దారం పంటి మీద నిలవక జారిపోతోంది. నిన్నగాక మొన్న పనిలో చేరినవాడిలా ఒక్క కొసను మూడేసిసార్లు కొరుకుతున్నాడు. అతనికి నవ్వూ వచ్చింది, ఉడుకుమోత్తనమూ వచ్చింది.

నిన్న కార్ఖానాకు వారపు సెలవు. పొద్దంతా చాప మీద ముడుచుకుని పడుకున్నాడు. ఒళ్ళు కాలిపోయింది, నడుము విరిగినట్టయింది. పళ్ళవల్లే అన్నాడు. పళ్ళవల్లే అంది భార్య భూదేవి. డిండోలిలో వాళ్ళ గల్లీ ఆడవాళ్ళంతా కూడబలుక్కున్నట్టు అదే మాట అన్నారు. కరోనా రెండోసారి విరుచుకుపడిన ఆ ఏప్రిల్‌లో, అంబులెన్సు కూత ఆగని రోజుల్లో, ఒక జ్వరానికి ఇంత అమాయకమైన కారణం దొరకడం అందరికీ పెద్ద ఊరట. ఒకటి రెండు రోజులు సలుపుతుందని డాక్టరమ్మ అన్న మాటను సోమలింగం భద్రంగా గుర్తుంచుకున్నాడు. జ్వరం మాత్రం రాకూడదు, వస్తే చూపించుకోమన్న మాటను మర్యాదగా పక్కన పెట్టాడు.

అతని భయం తన గురించి కాదు. ఈ సాంచాలు పగలు అతనివి, రాత్రి బామ్మర్ది పరుశురాంవి. అవే నాడెలు, రెండు నోళ్ళు. భూదేవి తమ్ముణ్ణి సూరత్ తెచ్చిందీ, నాడెకు నోరు పెట్టడం నేర్పిందీ సోమలింగమే. పరుశురాం భార్య వినోదకు ఇప్పుడు నెలలు నిండాయి. రెండిళ్ళకూ నడుమ ఒకటే గోడ. ఈ జ్వరం పళ్ళది కాకపోతే, నాడె కంటిలోంచి పరుశురాం నోటికి, అతని నుంచి వినోదకు చేరుతుంది. అందుకే అది పళ్ళదే కావాలి. పోయిన లాక్‌డౌన్ తర్వాత సేఠ్ దారం లాగడానికి తీగ కొక్కేలు పంచాడు గానీ, దాంతో ఒక నాడె సర్దేలోపు నోటితో నాలుగు సర్దొచ్చు. ఇచ్చిన కొక్కెం ఇచ్చినట్టే గోడమేకుకు దుమ్ము పట్టి ఉంది.

మధ్యాహ్నం డబ్బా విప్పాడు. నమలక్కర్లేకుండా భూదేవి పప్పన్నం మెత్తగా కలిపింది. మూతలో నాలుగు లవంగాలు పెట్టింది. పొద్దున గడపలో నిలబడి, "లవంగం జర బుగ్గన పెట్టుకో, పోటు దిగుతది. ఇయ్యాల పోకు అంటె ఇనవైతివి" అంది.

రెండు ముద్దలు తిన్నాడు. మామిడి తొక్కు పచ్చడి నాకాడు. ఉప్పూ లేదు, పులుపూ లేదు. సిమెంటు పెట్టిన నోరు కదా అనుకున్నాడు. లవంగాన్ని నొప్పి లేని వైపు పెట్టి కొరికాడు. పుల్ల కొరికినట్టుంది. ఇంకొకటి నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏమీ లేదు. లేచి వెళ్ళి సాంచా నూనెడబ్బా మూత తీసి, దాని మీదికి వంగాడు. ఎన్ని సబ్బులు అరిగినా చొక్కాలనూ దిండునూ వదలని ఆ వాసన ఇప్పుడు లేదు.

పళ్ళ వైద్యం ముక్కు జోలికి పోదని సోమలింగానికి తెలుసు. ఆ గోలలో, సాంచాల మధ్య కూర్చుని, ఎవరికీ వినపడకుండా ఏడ్చాడు.

తర్వాత లేచి తన సాంచాలన్నీ ఆపేశాడు. మేస్త్రీ కేకలేస్తూ వస్తుంటే దూరం పొమ్మని చేయి ఊపి, తన ముక్కు చూపించాడు. మేస్త్రీ వెనక్కి వెనక్కే నడిచాడు. నాడెలను కడుగుదామంటే కర్రవి, తడిస్తే వంగుతాయి. వంగిన నాడె సాంచాలోంచి ఎగిరి మనిషి కన్ను తీస్తుంది. అన్నింటినీ ఏరి డబ్బా సంచిలో వేసుకున్నాడు. ఫోను చేద్దామనుకుని మానుకున్నాడు. వింటే పరుశురాం పరుగున వచ్చి చేయి పట్టుకునే రకం. గేటు బయట ఎండలో ఒంటరిగా కూర్చున్నాడు.

షిఫ్టు మారేవేళ పరుశురాం వచ్చాడు. సోమలింగం అరచేయి అడ్డం పెట్టాడు.

"ఆడనే నిలవడురా."

"ఏంది బావ? పళ్ళు గుంజుతున్నయా?"

"పళ్ళది కాదు. వాసన పోయింది. దవాఖానకు పోతున్న. నేను నోరు పెట్టిన నాడెలన్ని నేనే తీస్కపోతున్న. కొత్తయి అడుగు. ఇగ నోరు పెట్టకు, కొక్కెంతోని లాగు."

"నేను గూడ దవాఖానకు వస్త బావ."

"వినోదను యాది చేస్కో. ఆడనే ఉండు. మీ ఇంట్ల అడుగు పెట్టొద్దని మీ అక్కకు చెప్పు."

సోమలింగం ఎక్కిన ఆటో కదిలేదాకా పరుశురాం చెప్పినచోటే నిలబడి ఏడ్చాడు. బావ మాట అతను ఎన్నడూ దాటలేదు.

దవాఖాన నుంచి సోమలింగం ఫోను చేసినప్పుడల్లా, ఆయాసంతో అడిగింది ఒకటే: పరుశురాంకు జ్వరం గిట్ల వచ్చిందా అని. రాలేదని భూదేవి చెప్పేది. ఒక సాయంత్రం వినోదకు ఆడపిల్ల పుట్టిందనీ, తల్లీబిడ్డా కులాసాగా ఉన్నారనీ చెప్పింది. అవతల అతను ఊపిరి కూడదీసుకున్నాడు. "మంచిగైంది" అన్నాడు. తెల్లవారి వార్డు నుంచి వచ్చిన ఫోనులో అతని గొంతు లేదు.

పరుశురాం ఇప్పుడు కొక్కెంతోనే దారం లాగుతున్నాడు. పని సాగదు, మేస్త్రీ తిడతాడు, అతను పడతాడు.

వార్డువాళ్ళు ఇచ్చిన అతని డబ్బా సంచిని భూదేవి విప్పలేదు, రెండిళ్ళ నడుమ గోడకు తగిలించింది. సంచి మూతిలోంచి ఒక నాడె దారం బయటికి వేలాడుతోంది. దాని కొస ఒక్క కొరుకుకు తెగక, నలిగి పీచులు లేచి ఉంది.