పోతషెడ్డు మీద పచ్చదీపం

కలకత్తాకు కొన్ని గంటల దూరంలో, తెలుగువారు ఎక్కువగా ఉండే రైల్వే ఊళ్లో, మలంచా రోడ్డు చివర, రైల్వేకు బ్రేకు దిమ్మలు పోసే ప్రైవేటు కార్ఖానా ఒకటి ఉండేది. 1987లో అక్కడి వెల్ఫేర్ ఆఫీసరు ఆర్థర్ గారు కార్మికుల ఆరోగ్యం కోసం ఒక కార్యక్రమం రూపొందించారు. షిఫ్టుకు ముందు కాసేపు వ్యాయామం, నెలకొకసారి కళ్ల పరీక్ష, రక్తపోటు పరీక్ష, క్యాంటీనులో నూనె తగ్గించిన కూర. అన్నీ సక్రమమైన ఏర్పాట్లే. కార్మికులు మాత్రం ఉత్సాహం చూపలేదు. వ్యాయామంలో పైకెత్తిన చేతులు దించుతూనే బీడీ వెలిగించుకొనేవారు.

అప్పుడు ఆయనకు దీపాల ఆలోచన వచ్చింది. గేటు నుంచి కనిపించేటట్లు ప్రతి షెడ్డు కప్పు మీద ఒక దీపం అమర్చారు. దాని స్విచ్చు షెడ్డు తలుపు బయట ఉండేది. ఆ షెడ్డులో ఎవరూ జబ్బు సెలవు పెట్టకుండా, ఎవరికీ దెబ్బ తగలకుండా ఉన్నంతకాలం దీపం పచ్చగా వెలుగుతుంది. ఒక్కరు సిక్ అయినా ఎర్రబడుతుంది. విశ్వకర్మ పూజ వరకు పచ్చగా నిలిచిన షెడ్డులో ప్రతి మనిషికీ ఒక ప్రెషర్ కుక్కరు, కలకత్తా నుంచి వచ్చే డైరెక్టరు గారి చేతుల మీదుగా.

వర్షాలు వెనుకబట్టేసరికి మిగిలిన దీపాలన్నీ ఎర్రబడ్డాయి. కరిగిన ఇనుమును అచ్చుల్లో పోసే పోతషెడ్డు దీపం ఒక్కటే పచ్చగా మిగిలింది. కొలిమి సెగలో, ఇసుక ధూళిలో పనిచేసేవారికి కనీసం జ్వరమైనా ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదు. ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కాలు విప్పకుండా వారు ఏ గాయాలు దాచుకొన్నారనీ అడగలేదు. ఇది వ్యాయామ ఫలితమని ఆర్థర్ గారు కలకత్తాకు నివేదించారు.

పూజకు ముందు ఆదివారం చర్చిలో ఆరాధన ముగించుకొని, ఆయన ఖరిదాలోని తమ ఇంటికి చేరేసరికి వరండా మెట్ల మీద ఒక స్త్రీ కూర్చొని ఉంది. పోతషెడ్డు క్రేను డ్రైవరు అప్పలకొండ భార్య దాలమ్మ.

“ఏమిటమ్మా, ఆదివారం పూట ఇలా వచ్చావు?”

“బాబుగారూ, మా ఆయన్ని ఆ కిరేను మీంచి దింపించండి. కళ్లు తిరిగి పడిపోతన్నాడు. మొన్న నుయ్యి కాడ పడిపోనాడు. నిన్న అన్నం తింతా తింతా కళ్లు తేలేసినాడు. పిలిస్తే పలకడు. కాసేపటికి లేచి, ‘ఏటలాగ సూస్తావు, నాకేటయింది’ అని నన్నే కసిరినాడు.”

“డాక్టరుకు చూపించలేదా?”

“సూపించనిత్తారేటి? సిక్కంతే దీపం ఎర్రబడిపోద్దట. ఎంకటరావు మేస్త్రీ, గేంగోళ్లందరూ వచ్చి మా గుమ్మంలో కూకున్నారు. ‘అక్కా, పూజ దాకా ఓపిక పట్టు, ఆడు మా పేణం, మేం సూసుకుంతాం’ అన్నారు. సూసుకుంతన్నారు బాబూ. పొద్దున్నే ఆడి ఎనకాలే ఇద్దరు మెట్లెక్కి, పడిపోకుండా ఆడి నడుం కుర్చీకేసి తువ్వాళ్లతో కట్టేస్తన్నారు.”

ఆ క్రేను మోసేది కరిగిన ఇనుము. కార్మికులు బాల్టీ అని పిలిచే పెద్ద పాత్ర నిండుగా, మనుషుల తలల మీదుగా, కొలిమి నుంచి అచ్చుల వరకు నడుస్తుంది.

“రేపు దింపిస్తాను. ఇది నా మాట. మధ్యాహ్నం క్యారేజీ తెచ్చినప్పుడు గేటు దగ్గర నుంచి దీపం చూడు. ఎర్రగా ఉంటే నీ భర్త దిగినట్లే.”

“ఎర్రగా ఉంతే దిగినట్టు,” అని ఆమె పాఠం అప్పజెప్పినట్లు అంది. “కుక్కర్లు పోయినాయని గేంగోళ్లు నన్ను తిడతారు. తిట్టనీండి. ఆళ్ల నోళ్లు ఎప్పుడూరుకున్నాయి!”

సోమవారం ఉదయం డైరెక్టరు గారి రాకకు సంబంధించిన సమావేశం ఆయనను కదలనివ్వలేదు. పోతషెడ్డుకు వెళ్లేసరికి మధ్యాహ్నం కావచ్చింది. లోపల ఒక మూల విశ్వకర్మ విగ్రహం కోసం వెదురు పందిరి కడుతున్నారు. రంగుకాగితాల తోరణాలు సెగకు ముడుచుకుపోతున్నాయి.

“రండి సార్, రండి! కుక్కర్లొచ్చేసినాయా?” అన్నాడు వెంకటరావు మేస్త్రీ. “మా ఇంటిది ఇప్పట్నించే మాంసం కొట్టోడితో బేరాలాడతంది.”

“నీ ఇంటిదాని అరుపుల్లో కుక్కరు ఈలెవడికి ఇనిపిస్తది మేస్త్రీ?” అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

“వెంకటరావ్, అప్పలకొండను దింపు.”

మేస్త్రీ ఆయనకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

“దేనికండీ? బాగున్నాడు కదా. సూడండి, రాజునాగ కూకున్నాడు.”

పైన, పొగలో, క్రేను గదిలో అప్పలకొండ నిటారుగా కూర్చొని ఉన్నాడు. చేయి క్రేనును నడిపే పిడి మీద ఉంది.

“కుర్చీకి కట్టేస్తే ఎవరైనా అలాగే కూర్చుంటారు.”

“దాలక్క సెప్పేసిందేటి?” మేస్త్రీ తల గోక్కున్నాడు. “పడిపోతాడేమోనని కట్టినాం సార్. ఏనుగుని కట్టినా ఊడని ముళ్లు. మావోణ్ణి మేం పడనిస్తామా? గురువారమే కదా పూజ. శుక్రారం నేనే బుజాన ఏసుకుని ఆస్పత్రికి తీసుకెల్తాను. మా తల్లి తోడు.”

“అతను పడడు, వెంకటరావ్. నీ తల మీదుగా ఏది వస్తోందో చూశావా?”

వెంకటరావు పైకి చూశాడు. అప్పుడే నిండిన బాల్టీ కొలిమి దగ్గర నుంచి కదిలి, అంచుల్లో ఎర్రగా తొణుకుతూ వస్తోంది. ఇన్నాళ్లూ ఆ గేంగు మనుషులు తమవాడు కింద పడకూడదని మాత్రమే ఆలోచించారు. కట్టిన మనిషి పిడి వదలలేడని, స్పృహ లేని చేయి కూడా పిడి మీదే వాలి ఉంటుందని వారిలో ఎవరికీ తోచలేదు.

మేస్త్రీ నోట్లో వేళ్లు పెట్టి ఈల వేశాడు. ఆగమనే ఈలకు పై నుంచి గంట మోగాలి. మోగలేదు.

“కొండా! ఒరే కొండా!”

బాల్టీ అచ్చుల వరుస దాటింది. ఆగవలసిన చోట ఆగలేదు. అప్పలకొండ తల మాత్రం కొద్దిగా ఒరిగింది.

“బయటికి! అందరూ బయటికి!” ఆర్థర్ గారు అరిచారు. ఆయన గొంతు అంత పైకి లేవగా ఆ కార్ఖానాలో అంతకుముందు ఎవరూ వినలేదు.

అందరూ పరుగెత్తారు. వారి వెనుక క్రేను పట్టాల చివరి దిమ్మను ఢీకొంది. బాల్టీ ఊగి ఒరిగింది. ఇనుము నేలంతా పరుచుకొని వెదురు పందిరిని అంటించింది. పై గదికి ఎక్కే ఇనుప మెట్లు ఆ మంటల మధ్యనే ఉన్నాయి. గుమ్మం దాటి లోపలికి ఎవరూ అడుగు పెట్టలేకపోయారు.

“ముడి ఇప్పుకోరా కొండా! ముడి ఇప్పుకో!” అని వెంకటరావు గుమ్మంలో నిలబడి అరుస్తూనే ఉన్నాడు. పొగలో గది కనిపించడం లేదు. మెట్ల మీదుగా ఎవరూ దిగిరాలేదు.

ఎవరికైనా హాని జరిగితే ఆ క్షణమే దీపం మార్చాలన్నది ఆర్థర్ గారు పెట్టిన నియమం. చేయగలిగినది మరొకటి లేక, ఆయన చేయి తలుపు పక్కనున్న స్విచ్చును తడిమి నొక్కింది.

అప్పుడే దాలమ్మ క్యారేజీతో గేటు దగ్గరకు వచ్చింది. పోతషెడ్డు నుంచి పొగ రావడం ప్రతిరోజూ ఉన్నదే. ఆమె పొగను చూడలేదు. కప్పు మీది దీపాన్ని చూసింది. పచ్చ ఆరిపోయి, ఎరుపు వెలిగింది.

“దిగిపోనాడు దాదా, మా ఆయన దిగిపోనాడు!” అని గేటు దగ్గరి బెంగాలీ కావలి మనిషికి చెప్పి, దీపం వైపు రెండు చేతులూ జోడించింది. తరువాత క్యారేజీ కింద పెట్టి, భర్త వచ్చి కూర్చోవడానికి గేటు పక్కనున్న గట్టు మీది దుమ్మును కొంగుతో తుడవసాగింది.