తొడిగించుకోవడానికి వచ్చిన చేతులు

ఆర్డరు పెట్టిన చేతులు పొద్దున పదింటికి కొరియర్‌లో వస్తాయి. మొత్తం పదకొండు అట్టపెట్టెలు. ఒక్కో దాంట్లో మణికట్టు దాకా చెయ్యి, దానికి ఊరి పేరు రాసిన చీటీ. మనుషులు ఇళ్లలోనే ఉండిపోయారు.

తప్పు నాదే. లక్కగాజులు ఆన్‌లైన్‌లో అమ్ముదామని కంపెనీ మనిషి ప్రణీత్ వచ్చినప్పుడు మొండికేశాను. మా కొట్లో గాజులు పొట్లం కట్టి ఇవ్వం, చేతికి తొడిగే పంపుతాం. తొడిగేది ఇంటి ఇల్లాలు. "అయితే చేతుల్నే తెప్పిద్దాం సార్" అన్నాడతను. సాయంత్రంలోగా నేను ఒప్పందం మీద వేలిముద్ర వెయ్యాలి, లేదా పొమ్మనాలి.

నా భార్య సుభద్ర ఒక్కో చేతినీ ఒళ్లో పెట్టుకుని, మెత్తగా నొక్కి, గాజు ఎక్కిస్తుంది. "ఏ ఊరమ్మా మీది?" అని అలవాటుగా అడుగుతుంది. చేతులు పలకవు.

"మాటలు మానేస్తే గంటకి నలభై అవుతాయి మేడమ్" అంటాడు ప్రణీత్.

ఏడోది తొడుగుతుంటే టక్కుమంటుంది. గాజు బాగానే ఉంది, చెయ్యి పగిలింది. నెత్తురు లేదు. లోపలంతా లక్కే.

తొడిగేటప్పుడు పగిలితే నష్టం కొట్టుదేనని మా తాత గోడమీద రాయించాడు. ప్రణీత్ దాన్ని ఫోటో తీసుకుంటాడు.

"మీ రూలే కదా సార్. కుడిచెయ్యి, గాజు సైజు రెండు-ఆరు. బదులుది ఇవాళే పంపాలి."

ఆ సైజు ఇంట్లో ఎవరిదో నాకు తెలుసు. సుభద్ర నా వైపు చూస్తుంది. నేను వద్దని ఒక్క మాట అంటే చాలు. నేను పెట్టె కొలతలు చూస్తాను. సిగ్గుగానే ఉంది. కొట్టు మూతపడుతుందన్న భయం అంతకన్నా పెద్దదిగా ఉంది.

"ఎడమది తీసుకోండి. కుడిది లేకపోతే ఎలా తొడగనండీ?"

"ఆర్డర్లో కుడిదే రాశారు" అంటాను.

కుంపటి దగ్గర కాస్త వెచ్చబెడితే సుభద్ర చెయ్యి సులువుగానే ఊడుతుంది. చుట్టి పంపేస్తాను. నాలుగింటికి కస్టమరు ఆన్‌లైన్‌లో ఐదు చుక్కల రేటింగ్ ఇస్తుంది. పాతదానికన్నా ఇదే పనిమంతురాలిలా ఉందట, ఇలాంటివి ఇంకో ముప్పై కావాలట.

సుభద్ర ఏడవదు. ఆమె మణికట్టు దగ్గర పసిపిల్లల సైజులో కొత్త చెయ్యి మొలుస్తోంది. చూద్దామని దగ్గరికి పోతే అది నా బొటనవేలు పట్టేసుకుంటుంది. వెచ్చగా ఉంది.

ప్రణీత్ ఒప్పందం, సిరా డబ్బా ముందు పెడతాడు. వేలిముద్రకి ఆ వేలే కావాలి.

"గట్టిగా పట్టుకుందండీ" అంటుంది సుభద్ర. "కాసేపు ఉండనివ్వండి."

నేను ఆ చిన్న గుప్పిట విప్పడం మొదలుపెడతాను. ఒక్కో వేలూ విప్పుతుంటే దాని పక్కనే ఇంకో చిన్న చెయ్యి మొలిచి నా వైపు చాచుకుంటుంది. ప్రణీత్ వాటి కొలతలు తీసుకుంటున్నాడు.