నలభై ఒక్క బొరియలు

దుబాయ్ దగ్గరి ఉమ్ అల్ క్వైన్‌లో మడచెట్ల పక్కన మా బురదనేల అలికిన అరుగులా ఉంది. నిన్నటిదాకా ఉన్న పీతల బొరియ ఒక్కటీ కనబడలేదు.

"మొత్తం సాఫ్ జేసిన మేడం," అన్నాడు వెంకట్రాములు. నాకు సాయంగా కంపెనీ పంపిన మనిషి. నంబరు పుల్లలన్నీ పీకి, కడిగి, కట్టగట్టి గట్టున పెట్టాడు.

ఒక్కో బొరియకు ఒక్కో పుల్ల; ఆ పుల్లలే నా పీహెచ్‌డీ. ఈ బురదలో రెండు జాతుల పీతలు ఉంటాయి. మగపీతలు ఎవరి బొరియ ముందు వాళ్ళు నిలబడి పెద్ద డెక్క ఊపుతాయి. ఆడపీత గారు నాలుగు బొరియలు చూసి, వంకలు పెట్టి, నచ్చినదాంట్లో దిగి గుడ్లు మోస్తూ అక్కడే ఉంటారు. ఎవర్ని ఎంచుకుంది, చోటు కోసం కొట్టుకునే రెండు జాతులూ పక్కపక్కనే ఎలా బతుకుతున్నాయి అన్నది నా ప్రశ్న. ఒక సీజన్ పోయినేడు ఏప్రిల్ వానకు కొట్టుకుపోయింది. ఇది రెండోది, ఆఖరిది. నలభై ఒక్క ఆడపీతలు ఈ వారమే బయటికి రావాలి. ఇప్పుడు వస్తాయి కానీ, ఏది ఎవరి బొరియలోంచి వచ్చిందో దేవుడికి కూడా తెలియదు.

"ఎవరు చెయ్యమన్నారు?"

"ఎవలు జెప్పలే. ఇయ్యాల ముదీర్, పెద్ద మేనేజరు, వస్తుండని మీరే అంటిరి గద. జెబెల్ అలీ పోర్టుల పద్నాలుగేండ్లు జేసిన. ముదీర్ వచ్చేటాళ్లకు జాగ చదును లేకుంటే మాట పడాలె. మీకు మాట రావొద్దని పొద్దుగాల్నే వచ్చిన."

"మరి ఆ పుల్లలు?"

"సర్వే పుల్లలనుకున్న. పని అయినంక పీకుడే గద." గట్టున ఉన్న కట్ట వైపు చూశాడు. "ఏడాది సంది మీ పక్కపొంటే ఉన్న. గవెందుకో ఒక్కనాడు జెప్పకపోతిరి."

నిజమే. పట్టుకో, తే, అటు తొక్కకు. అంతకు మించి అతనితో ఒక్క ముక్క మాట్లాడిన పాపాన పోలేదు.

పదింటికి మా ప్రాజెక్టు ముదీర్ వచ్చి నేలంతా చూశాడు.

"కృష్ణవేణీ, ఇదెవరి పని? నీ పొరపాటైతే ప్రాజెక్టు ఇవాళే మూసేస్తాను. కాకపోతే ఇంకో సీజన్ అడిగి చూస్తాను."

"నేను చెప్పలేదు సర్. అతనే చేశాడు."

అందులో ఒక్క మాట అబద్ధం కాదు. నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ పుల్లలెందుకో అతనికి ఏనాడూ చెప్పలేదన్నది మాత్రం దాచాను.

"ఖలాస్, ఇతని పని అయిపోయింది. ఇంటికి పంపించెయ్యండి," అన్నాడు ముదీర్ డ్రైవరుతో.

వెంకట్రాములు కాళ్ళ బురద కడుక్కుని వ్యాను దగ్గర ఆగాడు.

"మేడం, పీతలు సచ్చిపోయినయా?"

"లేదు. తవ్వుకుని బయటికి వస్తాయి."

"అయితే మంచిదే," అని వ్యాన్ ఎక్కాడు.