ఒక్కసారి కడిగిన కణాలు

వదిన నడిపే ల్యాబులో ఆడపడుచు పని చేయడమంటే కొరివితో తల గోక్కోవడమే. అయినా చేరింది, ఏం చేస్తాం! ఇంట్లో పడ్డ మాటలు చాలవన్నట్టు ఇక్కడా రోజూ అక్షింతలే.

వదిన పేరు తెచ్చుకున్నదంతా ఒకే ఒక్క మాట మీద. కాలేయాన్ని సగం కోసేసినా, కాలేయ కణం ఎవరి సాయమూ లేకుండా తనంతట తానే పెరిగి లోటు పూడ్చుకుంటుందని. ఎలుక కాలేయం నుంచి కణాలు తీసి, గిన్నెల్లో పెంచి చూపించింది కూడా. వాటి సందుల్లో ఆసరాగా ఉండే చిన్న కణాలంటే ఆవిడకు మహా చులకన. "అదంతా చెత్త, సింకులో పొయ్యి" అనేది.

ఆడపడుచు పోసింది. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుక్కి చేరిన కాలేయ కణాలను ఉంచుకుని, చిన్న కణాలు తేలే పైనీళ్లు వంచేసింది. అలా మూడుసార్లు కడిగింది, ల్యాబు పద్ధతి అదే మరి. పెరగడం మాట దేవుడెరుగు, ఆ కణాలు ప్రతిసారీ ముడుచుకుపోయి చచ్చేవి.

"నీ చెయ్యే అంత! ముట్టుకున్నదల్లా బూడిద," అంది వదిన అందరి ముందూ. "ఈసారి నేనే చేస్తా. నావి బతికాయా, నువ్వు బ్యాగు సర్దుకో. మీ అన్నయ్యకి నేను చెప్పుకుంటాలే."

ఆడపడుచుకు కడుపు మండిపోయింది. ఇన్నేళ్ల పరిశోధన నీళ్లపాలయ్యేలా ఉంది. పళ్లు కొరుక్కుంటూ పక్కనే నిలబడి చూసింది.

వదినకు అంత ఓపిక ఎక్కడేడ్చింది! ఒక్కసారి కడిగి, "చాల్లే" అంటూ గిన్నెల్లో పోసేసింది. ఆడపడుచు గుడ్లప్పగించి చూసింది. ఓహో, ఇదా సంగతి!

వారం తిరక్కుండానే కణాలు గిన్నె నిండా పరుచుకున్నాయి.

"చూశావా? ఇక దయచెయ్యి," అంది వదిన.

"వెళ్తాను. ముందిది చూడండి."

ఆడపడుచు గదిలో దీపాలార్పి, ఒక గిన్నెను మైక్రోస్కోపు కింద పెట్టి అతినీలలోహిత కాంతి వేసింది. వదిన చెత్తన్న ఆ చిన్న సందు కణాలు విటమిన్ ఎ దాచుకుంటాయి. ఆ వెలుగు పడితే నీలంగా మెరిసి, కాసేపటికే వెలిసిపోతాయి. గిన్నెలో ఎటు చూసినా నీలమే.

వదిన కన్ను ఆనించింది. ఆవిడ భుజాలు బిగుసుకున్నాయి. ఆ నీలం పూర్తిగా వెలిసిపోయేదాకా కదలకుండా ఉండి, అప్పుడు తలెత్తింది.

"ఎక్కడ? ఏమీ లేదే!"

ఎంత గుండెలు తీసిన బంటు! ఆడపడుచు రెండో గిన్నె తీయబోయింది. వదిన లాక్కుని సింకులో బోర్లించి, కుళాయి తిప్పింది.

"పారబొయ్యండి వదినా, బాగా పారబొయ్యండి! మీరు చెత్తన్నవే మీ కణాల్ని పెంచాయి. నేను శుభ్రంగా కడిగి చంపుకున్నాను, మీరు బద్ధకంగా కడిగి బతికించుకున్నారు. రేపు అందరి ముందూ మూడుసార్లు కడగండి. అప్పుడూ బతికితే నా బ్యాగు నేనే సర్దుకుంటా."

వదిన కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకుని బయటికి నడిచింది. ఆ తర్వాత ఆడపడుచును పొమ్మని అనలేదు. ల్యాబులో మళ్లీ గిన్నె కూడా ముట్టుకోలేదు.