బ్యాటరీ చెలక కావలి

"తాగు. తాగి సావు!"

గంగాబాయి డ్రమ్ములో చెంబు ముంచి, ఆ నీళ్లు మట్టి మీద విసురుగా కొట్టింది. నల్లగా, నురగలు కక్కుతూ, పులిసిన కల్లులా కంపు కొడుతున్నాయి. పేడ, బెల్లం, హైదరాబాదు సార్లు డబ్బాల్లో తెచ్చిన ఏదో మందు కలిపి నానబెట్టిన నీళ్లవి. మట్టిలో కంటికి కనిపించని పురుగులుంటాయట. ఈ బెల్లం వాటికి తిండి అట. అవి తిని బలిసి, మట్టిలోని సీసాన్ని విడదీసి వేళ్లకు అందిస్తాయట. పొద్దుతిరుగుడు మొక్క దాన్ని పీల్చుకుని కాండంలో, ఆకుల్లో దాచుకుంటుందట. పైరును కోసి ఎక్కడికో తీసుకుపోయి మూసిన కొలిమిలో కాలుస్తారట. ఇన్ని 'అట'లు గంగాబాయికి అక్కర్లేదు. ఈ చెలకలో మొలిచింది ఏ నోట్లోకీ పోకూడదు. ఆమె కొలువు అంతవరకే.

లింగంపేట నుంచి ఎల్లారెడ్డి పోయే రోడ్డు పక్కన ఉంది ఆ చెలక. ఒకప్పుడు అక్కడ పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే షెడ్డు ఉండేది. షెడ్డు మూతపడింది, యజమాని పత్తా లేడు, రేకులు కూడా ఎవరో ఎత్తుకుపోయారు. జనం మాత్రం ఇప్పటికీ దాన్ని బ్యాటరీ చెలక అనే అంటారు. ఈ మండుటెండల్లో చుట్టుపక్కల పచ్చగా ఉన్నది అదొక్కటే. దానికి కావలి ఉన్న మనిషిని ఊరు ఊరంతా తిట్టుకోవడానికి ఇంకేం కావాలి?

తిట్లకు తిట్లే జవాబు ఆమె దగ్గర. ఎండిన తుమ్మకొమ్మలాంటి మనిషి. ఒక కంట్లో పొర. ఏళ్ల తరబడి బీడీలు చుట్టి చుట్టి కుడిచేతి వేళ్లు లోపలికి వంగిపోయాయి, తెరిచినా పూర్తిగా తెరుచుకోవు. ఆ వేళ్ల మధ్య ఎప్పుడూ ఒక కట్టె ఉంటుంది. కట్టె కొనకు బర్రె మెడలో కట్టే గంట. ఆ గంట లోపలి ఇనుప గుండు ఎప్పుడో ఊడిపోతే ఆ షెడ్డులో పనిచేసిన ఆమె పెనిమిటి మల్లన్న అక్కడి సీసాన్ని కరిగించి గుండు పోతపోశాడు. అందుకే అది ఖంగున మోగదు, టక్కు టక్కుమని కొట్టుకుంటుంది. ఆ చప్పుడు వింటే తండా మేకలు చెవులు రిక్కించి ఆగిపోతాయి.

బీడీ ఆకు మూటతో రోడ్డున పోతున్న నాగవ్వ తీగె కంచె దగ్గర ఆగింది. ఆమె గంగాబాయికి తోడికోడలు.

"మా ఇంట్ల చాయల ఏసుకునేతందుకు శక్కరి లేదు. నువ్వు మన్నుకు బెల్లం తాపుతున్నవా అక్కా?"

"నీకు గూడ తాపుత, దా. డ్రమ్ముల మస్తుగున్నది."

"నీ నోట్ల మన్ను వడ!"

"గీ మన్నే వడితె నువ్వే ముందు సంబురపడుతవు గదనే, పో!"

నాగవ్వ కాండ్రించి ఉమ్మి వెళ్లిపోయింది. మల్లన్న పోయిన దగ్గర్నుంచి ఇద్దరి మధ్యా ఇంతే. మల్లన్న కల్లు తాగి తాగి చచ్చాడని నాగవ్వ అంటుంది, ఊరూ అదే అంటుంది. తాగేవాడే. కానీ కల్లు తాగినవాడికి మణికట్లు వాలిపోతాయా? చివరి రోజుల్లో ముంత పట్టుకోవడం కూడా చేతకాలేదు. చేతులు చచ్చిన పిట్టల్లా వేలాడేవి. కడుపునొప్పికి నేల మీద పడి దొర్లేవాడు. ఊళ్లో ఎవరూ మాట సాయం కూడా చేయలేదు.

అతను పోకముందు బర్రె పోయింది. షెడ్డు బూడిదను ఊళ్లో అందరూ తెచ్చుకునేవాళ్లు. గిన్నెలు తోముకోవడానికి, పేను పట్టిన చిక్కుడు పాదు మీద చల్లడానికి. బూడిద చల్లితే పేను పోతుందని ఎవరికి తెలియదు? గంగాబాయి కూడా గంప నిండా తెచ్చి చల్లింది. కాపు అయిపోయాక తీగె పీకి బర్రెకు వేసింది. నాలుగు కాళ్ల మీద నిక్షేపంగా ఉన్న గొడ్డు, గుడ్డిదైపోయింది. పాకలో గుండ్రంగా తిరిగింది. తల తీసుకెళ్లి గోడకు ఆనించి, గోడను నెట్టుతూ నెట్టుతూ అలాగే కూలింది. గోడకు దాని నుదురు ఒరుసుకున్న చోట మట్టి ఊడిపోయింది. గంగాబాయి ఆ గోడను మళ్లీ అలకలేదు. గంట మాత్రం విప్పి కట్టెకు కట్టుకుంది.

కోత రోజు వచ్చింది. ఎల్లారెడ్డి వైపు నుంచి వచ్చిన కూలీలు పొద్దెక్కకముందే మొదలుపెట్టి, ఎండ ముదిరేసరికి మొత్తం నరికి చెలక నడుమ పెద్ద కుప్ప వేశారు. పువ్వులు గింజ పట్టి తలలు వాల్చేశాయి. కూలీలు చేతులు కడుక్కుని ఆటోలో వెళ్లిపోయారు. కుప్పను తీసుకుపోయే లారీ మాత్రం రాలేదు. సతీశ్ సారు ఫోన్ చేశాడు. ఆ పనికి పెద్ద అతనే.

"అవ్వా, కామారెడ్డిల లారీ ఖరాబైంది. పొద్దుమూకే వరకు ఎట్లనన్న పంపిస్త. లేకుంటే రేపు."

"రేపటి దాంక ఇది ఉంటదా సారు? గీ ఊరు సంగతి మీకెర్కలేదు."

"జర సూస్కోవే అవ్వా. టార్పాలిన్ ఉన్నది గద, కప్పు."

"సూస్త. సూడక ఏడికి పోత?" అని ఫోన్ కొంగున కట్టుకుంది.

ఆమె టార్పాలిన్ విప్పుతుండగానే తండా ఆడవాళ్లు వచ్చారు. ముందు సక్రి, వెనక గంపలతో మిగతావాళ్లు. పరిగె ఏరుకోవడానికి వచ్చారు. కోత అయ్యాక చేనులో రాలింది పేదవాళ్లది. ఎంత పిసినారి ఆసామి అయినా పరిగెకు వచ్చిన గంపను వెనక్కి పంపడు. పంపితే వాడి మీద ఊరు మన్ను పోస్తుంది.

గంగాబాయి కట్టె అడ్డం పెట్టింది.

"ఎనక్కి పోర్రి."

సక్రికి ముందు అర్థం కాలేదు. నవ్వింది. "పరిగెకు అచ్చినమక్కా. కుప్ప ముట్టం. కిందవడ్డ పువ్వులే."

"కిందవడ్డయి గూడ. ఒక్క గింజ ముట్టద్దు."

"పరిగె గూడ ఏరుకోనియ్యవా?" సక్రి నవ్వు ఆరిపోయింది. "గింత పాపం మీ దొరలు గూడ చెయ్యలె గదే!"

"విషమే అది! మీ పిల్లలకు పెడుతవా?"

"విషమైతే గంత పచ్చగ ఎట్లున్నది? మాకు పెట్టేతప్పుడే విషం. సారు లారీల పోతే బంగారం!"

గంగాబాయి మంచిగా చెప్పి ఉండవచ్చు. బర్రె సంగతి, మల్లన్న చేతుల సంగతి చెప్పి ఉండవచ్చు. ఆమెకు మంచిగా చెప్పడం రాదు. ఇన్నేళ్లలో ఎవరూ విననిది ఇప్పుడు వింటారా అన్న కసి కూడా ఉంది. కట్టె ఎత్తి సక్రి గంపను ఒక్క పోటు పొడిచింది. గంప దొర్లింది. ఆడవాళ్లు దుమ్మెత్తి పోశారు. నీ వంశం నాశనం గాను అన్నారు. వంశమే లేని మనిషి ఆ మాటకు మాత్రం నవ్వింది.

వాళ్లు వెళ్లారు గానీ దూరం పోలేదు. రోడ్డు అవతల తుమ్మచెట్ల కింద కూర్చున్నారు. ఒక్కతి ఎంతసేపు కాస్తుంది? ఎంతసేపని కన్ను మూయకుండా ఉంటుంది?

అప్పుడు ఆమెకు రైతు బుద్ధి పుట్టింది. దారి పక్క చేనును పశువులు మేయకుండా పేడనీళ్లు చల్లుతారు. ఆ వాసనకు గొడ్డు మూతి పెట్టదు, మనిషి చెయ్యి పెట్టడు. డ్రమ్మును ఒంపి దొర్లిస్తూ కుప్ప దాకా తెచ్చింది. రొప్పుతూ, చెంబులతో నాలుగు వైపులా చల్లింది. అడుగున మిగిలింది కుప్ప మీద గుమ్మరించింది. ఇక చావండి అని తుమ్మచెట్ల వైపు చూసి అరిచింది.

ఆ పేడనీళ్లలో బెల్లం ఉందన్న సంగతి ఆ వేడిలో ఆమెకు తట్టలేదు.

మేకలకు తట్టింది. తండా మేకల కాపరి భోజ్యా మంద పడమటి నుంచి వస్తూ గాలికి ముక్కులు పైకెత్తింది. ఇన్నాళ్లూ గంట చప్పుడుకు ఆగినవి ఇవాళ ఆగలేదు. కంచె కింద నుంచి దూరి కుప్ప మీదికి ఉరికాయి. నాలుకలు చాచి ఆకుల మీది తీపిని నాకడం మొదలుపెట్టాయి.

"అయ్యో, నా చేతులిర్గ!" గంగాబాయి కట్టెతో వాటి మీద పడింది. వీపుల మీద, కొమ్ముల మీద బాదింది. ఒకదాన్ని తరిమితే ఇంకోటి వెనక నుంచి దూరుతోంది. గంట టక్కుటక్కుమంటూనే ఉంది.

భోజ్యా కంచె దగ్గర నిలబడి పగలబడి నవ్వాడు. "బెల్లం వోసి నువ్వే పిలిచినవు గదనే! ఇగ కొట్టుడెందుకు?"

"నీ మేకల్ని మలుపుకో భోజ్యా! సస్తయిరా, గుడ్డియై సస్తయి!"

"ఎట్లైన సస్తయి. పోచారం అడవిల ఫారెస్టోళ్లు మేపనియ్యరు, ఇక్కడ నువ్వు రానియ్యవు. ఇగ నా నెత్తి మీద మేపాల్నా?"

ఆమె దెబ్బకు ఒక మేక కుంటుతూ అరిచింది. భోజ్యా నవ్వు ఆపి బూతులందుకున్నాడు. చివరకు ఈల వేసి మందను మలుపుకున్నాడు. "పండవా? ఎప్పుడో కన్ను మలగదా? అప్పుడొస్త!" అని వేలు చూపించి వెళ్లాడు.

గంగాబాయి టార్పాలిన్ లాగి కుప్ప మీద కప్పింది. వడగాలికి అది ఎగిరిపోతోంది. రాళ్లు పెడదామంటే చెలకలో రాయి లేదు, సార్లు ఎప్పుడో ఏరించారు. ఇక ఆమే ఎక్కి దాని మీద పడుకుంది. దూప అవుతోంది. నీళ్ల సీసా కంచె దగ్గర చెట్టు కింద ఉంది. దిగితే టార్పాలిన్ లేస్తుంది, అది లేస్తే మేకలు వస్తాయి. దిగలేదు. రోడ్డు వైపు తల పెట్టి, లారీ వస్తుందేమోనని చూస్తూ పడుకుంది. కాసేపు తనలో తను ఎవరినో తిట్టుకుంది. తరవాత ఆ గొణుగుడు కూడా వినపడలేదు.

నీడలు సాగాక భోజ్యా వచ్చాడు. అన్నమాట ప్రకారం మందను కంచె దాటించాడు. ముసలిది లేస్తుందని, బూతులు తిడుతుందని చూశాడు. ఒక మేక టార్పాలిన్ అంచు నాకి, ఆమె కొంగు కొరికి లాగింది. అయినా లేవలేదు.

"గంగక్కా."

దగ్గరికి పోయాడు. కళ్లు తెరుచుకునే ఉన్నాయి, రోడ్డు వైపు. చెంప మీద చెయ్యి వేసి చటుక్కున తీసేశాడు. కట్టె ఆమె వంకర వేళ్లలోనే ఉంది.

భోజ్యా ఆ వేళ్లలోంచి కట్టె లాక్కుని, తన మేకల్ని తనే గొడ్డును బాదినట్టు బాదాడు. తుమ్మచెట్ల కింది నుంచి గంపలతో పరుగెత్తుకొచ్చిన సక్రికి కూడా కట్టె అడ్డం పెట్టాడు.

"ముట్టకు! విషం లేకుంటే ఈ ముసల్ది ఇంతగనం సస్తదా? ముట్టకుర్రి ఎవ్వరు!" అతని గొంతులో ఏడుపు ఉంది, కోపమే ఎక్కువ ఉంది. "లంజెముండ... నోరుండె గద, జర మంచిగ చెప్పరాదా!"

లారీ పొద్దుమూకకముందే వచ్చింది. అప్పటికి ఊరంతా అక్కడ పోగైంది. ట్రాలీ ఆటోలో శవం పక్కన కూర్చుని నాగవ్వ గుండెలు బాదుకుంది. "బతికినన్ని దినాలు తిట్టి తిట్టి, ఇగ నన్ను తిట్టేటోళ్లు ఎవరే అక్కా" అని ఏడ్చింది. లారీతో వచ్చిన సతీశ్ సారు తల దించుకుని కుప్పను చివరి ఆకు దాకా ఊడ్పించి లారీకి ఎత్తించాడు. ఆ చెలకలోంచి పైరు పీల్చిన సీసమంతా ఇక కొలిమికి పోతుందని డ్రైవరుకు చెప్పాడు.

అందరూ వెళ్లిపోయారు. బోడి చెలకలో ఖాళీ డ్రమ్ముకు భోజ్యా ఆనించిపోయిన కట్టె ఉంది, కట్టెకు గంట, గంటలో మల్లన్న పోతపోసిన సీసపు గుండు.