గోరువెచ్చన

పనిలోకి దిగిన రోజున నీళ్లమ్మ దగ్గరున్న సరంజామా రెండే: ఒక చెక్క పీట, ఒక కుడి మోచెయ్యి. పీట మేనత్త ఇచ్చింది. మోచెయ్యి పుట్టుకతో వచ్చింది. ఆ రెంటినే పెట్టుబడిగా పెట్టుకుని ముప్ఫై ఒక్క ఏళ్లు ఇంటింటికీ తిరిగి పసిపిల్లలకు స్నానాలు చేయించింది. ఎంతమందికి చేయించావని అడిగితే చెప్పలేదు. ఆమె పెట్టుకున్న లెక్క ఒక్కటే: తన చేతిలో ఇంతవరకు ఏ బిడ్డ ఒంటి మీదా బొబ్బ లేవలేదు. మిగతావాళ్లు పెద్ద అంకెల్ని కాపాడుకుంటే, ఆమె ఆ సున్నాని కాపాడుకుంటూ వచ్చింది.

ఆ ఉదయం మొదటి ఇంట్లో బకెట్టు ముందు పీట వేసుకుని కూర్చుని, చీర కొంగు బిగించి, మోచెయ్యి నీళ్లలో ముంచింది. నీళ్లు ఏమీ చెప్పలేదు. మళ్లీ ముంచింది. తడి తెలిసింది గానీ వేడి తెలియలేదు.

మూడు నెలల కిందట వేళ్ల కొసల్లో మొదలైన తిమ్మిరి అది. చక్కెర జబ్బు నరాల్ని మొద్దుబార్చిందన్నాడు డాక్టరు. పిలవని చుట్టంలా ఒక్కో గదే ఆక్రమించుకుంటూ మణికట్టు దాటింది. వారం రోజులుగా మోచేతి దగ్గర మకాం పెట్టింది. అందుకే ఆమె ఈ వారమంతా ఎందుకైనా మంచిదని ప్రతి బకెట్టులోనూ రెండు చెంబుల చన్నీళ్లు ఎక్కువే కలుపుతోంది. ఇవాళా కలిపింది.

నీళ్లు ఒంటి మీద పడగానే పిల్లాడు గుక్కపట్టి ఏడ్చాడు. వాళ్ల నాయనమ్మ తువ్వాలుతో పరుగెత్తుకొచ్చింది.

"ఏమ్మా నీళ్లమ్మా, పిల్లాడికి స్నానం చేయిస్తున్నావా, బట్టలు జాడిస్తున్నావా? వాడి పెదాలు చూడు, సిరా తాగినట్టున్నాయి."

"గాలి తగిలింది వదినా."

"గాలి మా ఇంట్లోకి కొత్తగా వచ్చిందా? మొన్నటిదాకా నీ ఒళ్లోనే నిద్రపోయేవాడు. ఇప్పుడు నీ పీట చప్పుడు వింటేనే రాగం తీస్తున్నాడు."

నీళ్లమ్మ నవ్వుతూ పిల్లాణ్ణి తువ్వాల్లో చుట్టి అందించింది. కానీ ఆ మాట ఆమెతోపాటే గడప దాటి వీధిలోకి వచ్చింది. పీటని ఈ చంక నుంచి ఆ చంకకి మార్చింది. నాలుగడుగులు వేసి మళ్లీ మార్చింది. గుప్పిట మూసి తెరిచింది. బొటనవేలి గోటితో అరచేతిలో గట్టిగా నొక్కి చూసుకుంది. దారిలో ఎండకు కాగిన ఇనప గేటు కనబడితే ఆగి చెయ్యి ఆనించింది. ఎండలో కాగిన గేటైనా, నీడలో ఉన్న గోడైనా ఆమె చేతికి ఒకటే. లోపలి నుంచి ఎవరో "ఎవరు కావాలి?" అని అడిగితే గబగబా నడిచింది.

నడుస్తూనే చేతితో బేరం పెట్టింది. ఒక్క నెల ఆగు. టైలరమ్మ పిల్ల స్నానాలకి ఒప్పుకున్న నెల గడవనీ. ఆ తర్వాత నీ ఇష్టం. 

టైలరమ్మ ఇంటి ముందు గదే ఆమె దుకాణం. కాన్పు ఆపరేషనై పన్నెండు రోజులైంది. మిషను మీద దుప్పటి కప్పి, గోడ పట్టుకుని అడుగులో అడుగు వేస్తోంది. పిల్ల బొడ్డు మొన్ననే ఊడి, పుండు ఆరింది. ఇన్నాళ్లూ తడిగుడ్డతో తుడవడమే. తొట్టి స్నానం ఇవాళే మొదలు.

"పిన్నీ, డాక్టరు వేసిన కుట్లు ఇవాళ అద్దంలో చూసుకున్నా. ఒకటి దగ్గర, ఒకటి దూరం. నేనిలా వేస్తే గిరాకీవాళ్లు జాకెట్టు నా మొహాన కొడతారు." నవ్వబోయి, పక్కనున్న దిండు పొట్టకి అదుముకుంది. "అమ్మో, నవ్వితే లాగుతోంది."

"మరి నవ్వొచ్చే మాటలు నువ్వే మాట్లాడకు. పిల్లని మించిన బరువు ఎత్తడం లేదు కదా?"

"లేదు. నీళ్ల బకెట్లు ఆయన పెట్టి వెళ్లారు. డాక్టరు వంగొద్దన్నారు, కింద కూర్చోవద్దన్నారు. నీ పీట పక్కన కూర్చోడం నావల్ల కాదు. స్నానం ఎలా చూసేది?"

నీళ్లమ్మ గదంతా కలయజూసింది. గుడ్డలు కత్తిరించే బల్ల మీద చూపు నిలిచింది. దాని ఎత్తు సరిగ్గా టైలరమ్మ నడుం దాకా ఉంది.

"వంగాల్సింది నువ్వు కాదు. నీళ్లే నీ దగ్గరికి లేవాలి," అంది.

కత్తెర, సుద్దముక్కలు, టేపు బల్ల మీంచి తీసేసింది. రబ్బరు షీటు పరిచి, దాని మీద ప్లాస్టిక్ తొట్టి పెట్టింది. పిల్ల జారకుండా అడుగున తడి తువ్వాలు వేసింది. పొడి తువ్వాలు, గౌను, లంగోటీ చెయ్యి చాపితే అందేటట్టు సర్దింది. తన పీట తెచ్చి బల్ల కింద వేసింది.

"ఎడమ కాలు దాని మీద పెట్టు. కాసేపయ్యాక కాలు మార్చు. నడుం లాగదు."

"నేను చూస్తా అంతే పిన్నీ. పిల్లని ముట్టుకోను. జారిపోతే?"

"చూడవమ్మా, ఎవరొద్దన్నారు?"

చెంబుతో తొట్టిలో వేణ్నీళ్లూ చన్నీళ్లూ కలిపి బెత్తెడు లోతు పోసింది. ఎందుకైనా మంచిదని ఇంకో చన్నీళ్ల చెంబు ఎత్తేసరికి చెవిలో పొద్దుటి నాయనమ్మ మాట మోగింది. ఆ చెంబు దించేసింది. దాని బదులు మరో చెంబు వేణ్నీళ్లు పోసి, మోచెయ్యి ముంచింది.

"గోరువెచ్చగా ఉన్నాయి," అంది. పిల్ల గుడ్డలు విప్పి, తల కింద ఎడమ చెయ్యి, పిరుదుల కింద కుడి చెయ్యి వేసి ఎత్తింది. పిల్ల ఆవలించింది.

"గోరువెచ్చగా అంటే గోరు పెట్టి చూడాలేమో కదా," అని టైలరమ్మ సరదాగా చిటికెనవేలు నీళ్లలో పెట్టింది.

"గోరుకి ఏం తెలుస్తుందే వెర్రిమొహమా..."

"పిన్నీ, ఆగు."

వేలు వెనక్కి లాక్కున్న తీరుకి నీళ్లమ్మ చేతులు ఉన్నచోటే నిలిచిపోయాయి. పిల్ల మడమలు నీటికి జానెడు పైన ఉన్నాయి.

"కాలుతున్నాయి పిన్నీ."

నీళ్లమ్మ పిల్లని బల్ల మీది తువ్వాల్లో పడుకోబెట్టి, మోచెయ్యి మళ్లీ నీళ్లలో పెట్టింది. అలాగే ఉంచింది. టైలరమ్మ ఆ చెయ్యి పట్టి పైకి తిప్పింది. మోచేతి వెనక రూపాయి బిళ్లంత బొబ్బ, నీరు పట్టి, మెరుస్తోంది.

"ఇదెప్పుడు కాలింది?"

నీళ్లమ్మ దాన్ని మొదటిసారి చూసింది. పొద్దున పొయ్యి దగ్గర అయ్యుండాలి.

"తెలీదు," అంది.

"తెలీదా? ఎన్నాళ్లనుంచి ఇలా?"

"మూడు నెల్లు."

"చెప్పకుండా నా కూతుర్ని ఎత్తుకున్నావా?"

"చెబితే ఎవరు పిలుస్తారు?" ఆ మాట అనేశాక అది తనకే నచ్చలేదు. "తిట్టమ్మా. తిట్టాలి. కానీ పిల్ల చల్లగాలిలో ఉంది. ముందు స్నానం కానీ, తర్వాత తీరిగ్గా తిడుదువు. చన్నీళ్లు పొయ్యి. నీ ముంజెయ్యి ముంచి చూసుకో. వేడీ చల్లనా ఏదీ తెలియకపోతే, అవే సరైన నీళ్లు."

"నేనా?"

"నా చేతులు నేను కట్టుకుంటున్నా." నిజంగానే రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుంది.

టైలరమ్మ ఒక చెంబు పోసింది. చూసింది. అర చెంబు పోసింది. మళ్లీ చూసింది. పిల్లని రెండు చేతులా ఎత్తింది.

"ముందు కాళ్లు. నెమ్మదిగా. మెడ కింద చెయ్యి తియ్యకు, ఇల్లు కూలినా తియ్యకు. రెండో చేత్తో పొయ్యి. మెడ మడతలో నీళ్లు నిలవనివ్వకు."

"కాలరు మడతలాగా."

"అదే. చంకలో, తొడ మడతల్లో కూడా. కుట్లు లాగుతున్నాయా?"

"లేదు." కాసేపటికి ఆశ్చర్యంగా అంది: "అస్సలు లాగడం లేదు పిన్నీ."

పిల్ల ఏడవలేదు. కళ్లు విప్పి తల్లి మొహంకేసి చూస్తూ నీళ్లని ఒకసారి తన్నింది. జల్లు టైలరమ్మ పాదం మీదా, పీట మీదా పడింది. వీపు వెనకున్న నీళ్లమ్మ వేళ్లు ఒకదాన్నొకటి పట్టుకుని పెనుగులాడుతూనే ఉన్నాయి. టైలరమ్మ పొడి తువ్వాల్లో చుట్టి, పిల్లని గుండెకి ఆనించుకున్నాకగానీ అవి విడిపోలేదు.

తొట్టిలో నీళ్లు నీళ్లమ్మే చెంబుతో తోడి పారబోసింది. "రేపు కూడా ఇలాగే. తొట్టి ఎత్తకు, నీళ్లు తోడేసేది మీ ఆయన."

టైలరమ్మ తిట్టడానికి నోరు తెరిచింది.  "రేపు ఎన్నింటికి వస్తావు? ఊరికే వచ్చి కూర్చో. చెబుతుంటే చేస్తా," అంది.

"రేపటికి నీ గోరుంది కదా," అంది నీళ్లమ్మ.

చెప్పులు వేసుకుని మెట్లు దిగింది. పొద్దుటి ఇంటికి వెళ్లి నాయనమ్మకి నిజం చెప్పాలి. మిగతా ఇళ్లలోనూ చెప్పాలి. నడుస్తూ లెక్క చూసుకుంది. ముప్ఫై ఒక్క ఏళ్లకి తేలింది ఒకే ఒక్క బొబ్బ. అది తన మోచేతి మీదే ఉంది. పిల్లల వైపు సున్నా అలాగే ఉంది. అంతకు మించిన లాభం ఆమె ఆశించలేదు. మలుపు దాకా వెళ్లాక, అలవాటుగా పీటని చంక మార్చబోతే చేతికి ఏమీ తగల్లేదు. ఆగింది. వెనక్కి వెళ్లలేదు.

కత్తిరింపుల బల్ల కింద పీట తడిగా ఉంది. ముప్ఫై ఒక్క ఏళ్లు కూర్చోగా కూర్చోగా నడుమ గుంటపడిన చోట, ఒక ఎడమ పాదం ముద్ర మెల్లగా ఆరుతోంది.