ముప్ఫై ఎనిమిదో ముడి

"ఒరేయ్, ఇవాళ వెళ్ళకురా. కడుపునొప్పని కబురు పంపెయ్. నాకు గుండె పీచుపీచుమంటోంది."

కొలతలాయన తలెత్తలేదు. గడప దగ్గర గొంతుక్కూర్చుని తాడు ముడులు బిగిస్తున్నాడు. మీటరుకో ముడి, చివర పిడికిలంత ఇనుపగుండు.

"నీ గుండె పీచుపీచుమనని రోజేదమ్మా? వానొస్తే పిడుగంటావు, రాకపోతే వడదెబ్బంటావు."

"అనుకుంటూ ఉంటే రావురా. అనుకోవడం మర్చిపోయిన రోజే వస్తాయి."

యాభై మూడేళ్ళ మనిషి. పెళ్ళాం పోయాక తల్లే దిక్కు, తల్లికి అతనే దిక్కు. పంతొమ్మిదేళ్ళుగా తాగునీటి బోర్ల లోతు కొలిచే ఉద్యోగం. అయినా అవి తాడు పట్టే చేతులు కావు, గుమాస్తా చేతుల్లా మెత్తగా ఉంటాయి. తాడు ఎప్పుడూ జీపులోనే ఉండేది. "అరవై మీటర్లని రాసెయ్యండి గురువుగారూ" అని బోర్లు వేసే కాంట్రాక్టరు అనేవాడు. అతను రాసేసేవాడు.

అలా రాసిన ఒక బోరు ఇటుకబట్టీల దగ్గర రెండో వేసవికే ఎండిపోయింది. అక్కడివాళ్ళు కాలువ నీళ్ళు తాగారు. ముగ్గురు పోయారు. ఆ వారమంతా అతను గ్లాసు ఎత్తడం, తాగకుండా దించెయ్యడం. తల్లి జ్వరమేమోనని నుదురు పట్టుకు చూసింది.

ఈ ఏడు డబ్బిచ్చే విదేశీ సంస్థవాళ్ళు దొంగలెక్కలు ఆపడానికి బడులకో షరతు, ఆసుపత్రులకో షరతు, నీళ్ళకో షరతు పెట్టారు. నీళ్ళ షరతు ఇది: ఆ బోరు నీళ్ళు తాగబోయేవాళ్ళ ముందే తాడు దించాలి, అంకె పైకి అరవాలి, విన్నవాళ్ళలో ఒకరు కాగితం మీద సంతకమో వేలిముద్రో పెట్టాలి. మొదటి వంతు అతని సొంత వీధి చివరి బోరుకే వచ్చింది.

అతను వద్దన్నా తల్లి వెంట వెళ్ళింది. వీధంతా చేరింది. కాంట్రాక్టరు నవ్వుతూ ఎదురొచ్చాడు.

"తడిస్తే తాడు పాడవుతుంది గురువుగారూ. అరవై అనేసుకోండి, టీ తాగుదాం."

నలుగురు నవ్వారు. కొలతలాయన కూడా అలవాటుకొద్దీ నవ్వి, తాడు వదిలాడు. ఒక్కో ముడీ అరచేతిని ఒరుసుకుంటూ జారింది. ముప్ఫై ఎనిమిది దగ్గర తాడు వదులైంది. పైకి లాగి మళ్ళీ వదిలాడు. అక్కడే ఆగింది. జేబురుమాలు చింపి, ఆ ముడికి నీలిపీలిక కట్టాడు. చాలాసేపు దాన్నే చూశాడు.

"ముప్ఫై ఎనిమిది!"

కొడుకు అరవగా తల్లి వినడం, వాడి పసితనం తర్వాత ఇదే మొదటిసారి.

కాంట్రాక్టరు ఒక్కొక్కరి మొహంలోకీ చూశాడు. "ఊఁ, సంతకం ఎవరు పెడతారు?"

ఒకరికి పొయ్యి మీది పాలు గుర్తొచ్చాయి, ఇంకొకరికి తాళం వెయ్యని ఇల్లు. తల్లి కొడుకు చొక్కా పట్టుకుంది. "అరిచావుగా, ఇంక చాలు. పదరా."

సాయంత్రం అతను ఇనుపగుండు కడిగి, తాడు మేకుకి తగిలించి, సంతకం లేని కాగితం ఆఫీసులో ఇచ్చొస్తానని సైకిలెక్కాడు. కొడుకు బోరు దగ్గర్నుంచి క్షేమంగా ఇంటికి చేరిన సంబరంలో, "నిదానంగా వెళ్ళు" అనడం ఆమె ఆ ఒక్క పూటా మర్చిపోయింది.

పైపుల లారీ వెనక్కొస్తూ అతన్ని చూసుకోలేదన్నారు. కాగితం దొరకలేదన్నారు.

అయిదో రోజు తనిఖీ మేడం వచ్చి బోరు దగ్గర అందరినీ పిలిచింది.

"ఆయన ఎంతని అరిచారు?"

"అరవైయ్యేనండీ," అన్నాడు కాంట్రాక్టరు. "పాపం, మంచి మనిషి."

"మిమ్మల్ని కాదు. వీళ్ళని అడుగుతున్నా."

ఒకాయన చెప్పు విడిచి, మళ్ళీ తొడుక్కున్నాడు. మేడం మూడోసారి అడిగి, కలం మూత పెట్టబోయింది.

ముసలామె అందరి వెనకా నిలబడి ఉంది. భయపడదామని చూసింది. భయపడడానికి ఇంట్లో ఇంకెవరూ మిగల్లేదు.

"ముప్ఫై ఎనిమిదమ్మా," అంది. "నేను విన్నాను. వేలిముద్ర ఎక్కడెయ్యాలో చూపించు."

కొంగు చాటునుంచి తాడు తీసి నేలమీద పరిచింది. ఇనుపగుండు నుంచి నీలిపీలిక దాకా ఎండిన బురద. అక్కణ్ణించి చివరిదాకా, పంతొమ్మిదేళ్ళ తాడు, నిన్న కొన్నంత తెల్లగా.